28కి 7 కలిపితే 35వ తారీఖు రాదు: టెక్స్ట్ ఎడిటర్‌లో తేదీలు జరిపే చిన్న స్క్రిప్టుల లోగుట్టు

విశాఖలో అక్టోబరు, నవంబరు నెలలకు ఏ షెడ్యూలు వేసుకున్నా మనసులో ఓ మూల తుఫాను మెదులుతూనే ఉంటుంది. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారొకరు తన టెస్టుల షెడ్యూలంతా మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటారు. లైనుకో టెస్టు: ముందు తేదీ, తర్వాత సబ్జెక్టు, ఆ పక్కన పరీక్ష పెట్టే బిల్డింగు చిరునామా. వాన సెలవులతో టెస్టులన్నీ వారం వాయిదా వేయాల్సొచ్చింది. వందకు పైగా లైన్లు. చేత్తో దిద్దుతూ పోతే మధ్యలో రెండు తప్పాయి. సరే అని వాళ్లబ్బాయి ఎక్కడో దొరికిన చిన్న స్క్రిప్టు నడిపాడు. ఫైల్లో 35/10/2025 అనే తేదీ పుట్టింది, ఒక చిరునామాలో డోర్ నంబరు మారిపోయింది. “ఏడు కలపడానికి ఇంత గొడవేమిటండీ?” అని ఆయన నన్నడిగారు.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కూడిక ఒకటో తరగతి పిల్లలకూ వస్తుంది. చిక్కల్లా దేనికి కలుపుతున్నామన్న దగ్గరే.

ఎడిటర్ కంటికి తేదీ అంటే పది అక్షరాలు

నోట్‌ప్యాడ్, వీఎస్ కోడ్, విమ్, ఈమాక్స్ ఇవన్నీ టెక్స్ట్ ఎడిటర్లు. మనం టైపు చేసిన అక్షరాలను ఉన్నవున్నట్టు దాచి చూపించడమే వీటి పని. 28/10/2025 అని కొడితే ఎడిటర్‌కు కనిపించేది ఎనిమిది అంకెలూ రెండు గీతలూ, అంతే. ఆ 28కీ, 28 నంబరు బస్సులో 28కీ దాని దృష్టిలో తేడా లేదు. నోట్‌ప్యాడ్‌లో ఎఫ్5 నొక్కితే ఇవాళ్టి తేదీ, టైము వచ్చి పడతాయి. పడిన క్షణం నుంచి అవి కూడా ఉత్త అక్షరాలే.

ఎక్సెల్ అలా కాదు. గడిలో తేదీ కొడితే దాన్ని లోపల ఒక సంఖ్యగా మార్చుకుంటుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కిస్తుంది కాబట్టి 2024 ఏప్రిల్ 5 దానికి 45387వ రోజు. కనిపించే తేదీ పైపై తొడుగు. అందుకే ఎక్సెల్‌లో ఏడు కలిపితే సరిగ్గా వారం తర్వాతి తేదీ వస్తుంది, ఎడిటర్‌లో 35 వస్తుంది.

ఈ రెంటి మధ్యా వంతెన వేసేదే స్క్రిప్టు. ఎడిటర్ లోపలో, దాని పక్కనో నడిచే పది పదిహేను లైన్ల ఆదేశాలు. అది చేసేవి మూడు పనులు: అక్షరాలను చదివి రోజుగా గుర్తుపట్టడం, ఆ రోజును లెక్క ప్రకారం జరపడం, వచ్చిన రోజును తిరిగి అక్షరాలుగా రాయడం. మాస్టారి ఫైల్లో డోర్ నంబరు మారింది మొదటి మెట్టు దగ్గర, 35 పుట్టింది రెండో మెట్టు దగ్గర. తేదీల స్క్రిప్టుల్లో నేను చూసిన తప్పుల్లో దాదాపు అన్నీ ఈ మూడు మెట్లలో ఏదో ఒకదాని మీద కాలు జారినవే.

అమరిక మార్చడం: క్యాలెండర్ తెలియకపోయినా అయ్యే పని

అన్నిటికన్నా తేలిక, తేదీ రూపం మార్చడం. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజును మనం 12/10/2014 అని రాస్తాం. దాన్ని 2014-10-12గా మార్చాలనుకుందాం. ఇందులో లెక్క లేదు, ముక్కలు అటూ ఇటూ మారడమే. వీఎస్ కోడ్ ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే సౌకర్యం ఉంది. ఫలానా పదాన్ని వెతకమనే బదులు ఫలానా ఆకారంలో ఉన్నదాన్ని వెతకమని చెప్పే భాష అది. వెతికే గడిలో ఇలా ఉంటుంది:

([0-9][0-9])/([0-9][0-9])/([0-9][0-9][0-9][0-9])

చదరపు బ్రాకెట్ల జత ఒక్కొక్కటీ “ఇక్కడ సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె” అని చెబుతుంది. గుండ్రటి బ్రాకెట్లు దొరికిన ముక్కను పక్కన పెట్టుకుంటాయి: మొదటిది రోజు, రెండోది నెల, మూడోది సంవత్సరం. మార్చే గడిలో ఇది చాలు:

$3-$2-$1

మూడో ముక్క, అడ్డగీత, రెండో ముక్క, అడ్డగీత, మొదటి ముక్క. విమ్‌లో డాలరు గుర్తు బదులు వెనక్కి వాలిన గీత పెడతారు, గుండ్రటి బ్రాకెట్లకు ముందు కూడా అదే గీత ఉండాలి. ఆలోచన మాత్రం ఒకటే.

సంవత్సరం ముందు పెట్టే ఈ పద్ధతిని ఐఎస్‌ఓ 8601 ప్రమాణం అంటారు, మొదట 1988లో వెలువడింది. దీని సుఖం సార్టింగ్ చేసినప్పుడు తెలుస్తుంది. ఎడిటర్ అక్షరాల వరుసలోనే సార్ట్ చేస్తుంది కాబట్టి మన పద్ధతిలో రాస్తే 01/11/2025 వచ్చి 28/10/2025కి ముందు కూర్చుంటుంది. 2025-10-28, 2025-11-01 అని రాస్తే అక్షరాల వరుసా, రోజుల వరుసా ఒకటే అవుతాయి. చదివేవాళ్లకు మాత్రం మనకు అలవాటైన రోజు-నెల-సంవత్సరమే హాయి. ఫైల్లో ఒక రూపం, నోటీసు బోర్డు మీద ఇంకో రూపం ఉంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో తప్పేమీ లేదు.

అసలు ప్రమాదం, ఏ ముక్క నెలో స్క్రిప్టు పొరబడినప్పుడు. అమెరికా అలవాటుతో రాసిన స్క్రిప్టు నెలను ముందు చదువుతుంది. దానికి 28/10/2025 ఇస్తే 28వ నెల లేదని ఆగిపోతుంది, తప్పు బయటపడుతుంది. 12/10/2014 ఇస్తే ఆగదు. హుద్‌హుద్‌ను డిసెంబరు 10కి తోసేసి నిశ్శబ్దంగా ముందుకు పోతుంది. ప్రతి నెలలో మొదటి పన్నెండు రోజులూ రెండు రకాలుగానూ చదవడానికి వీలున్నవే. పన్నెండు నెలలకు 144. వాటిలో 10/10 లాంటివి ఎలా చదివినా ఒకటే కాబట్టి పన్నెండు తీసేస్తే 132. ఏడాదిలో మూడో వంతుకు మించిన రోజులు చడీచప్పుడు లేకుండా మారిపోగలవన్నమాట. ఇలాంటి స్క్రిప్టును నెల చివరి తేదీలతో పరీక్షించినవాళ్లకు తప్పు వెంటనే దొరుకుతుంది, నెల మొదట్లో తేదీలతో పరీక్షించినవాళ్లకు దొరకదు.

ఇక డోర్ నంబరు సంగతి. విశాఖలో పాత పేటల నుంచి ద్వారకానగర్ దాకా ఇళ్ల నంబర్లు మూడు ముక్కలుగా, మధ్యలో అడ్డగీతలతో ఉంటాయి. 10-11-12 అనేది మనకు ఇల్లు. రెండంకెల సంవత్సరాన్ని ఒప్పుకునే స్క్రిప్టుకు 2012 నవంబరు 10. ఆకారం చూసి వెతికే ఏ పద్ధతికైనా ఈ పరిమితి తప్పదు. తేదీ లైను మొదట్లోనే ఉంటుందని తెలిసినప్పుడు అక్కడ మాత్రమే వెతకమని చెప్పే గుర్తు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఉంది, నమూనాకు ముందు ^ పెడితే లైను ఆరంభం అని అర్థం. మాస్టారి ఫైల్లో చిరునామాను కాపాడటానికి ఆ ఒక్క గుర్తు సరిపోయేది.

కూడిక దగ్గర జరిగే పొరపాట్లు

విమ్‌లో కర్సర్‌ను అంకె మీద ఉంచి కంట్రోల్ నొక్కి ‘ఏ’ కొడితే ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది. ముందు 7 కొట్టి ఇదే చేస్తే ఏడు పెరుగుతుంది. 28/10/2025లో 28 మీద ఇలా చేస్తే 35. క్యాలెండర్ దానికి తెలియదు, సంఖ్యే తెలుసు. ఇంతకన్నా వింతైనది ఐఎస్‌ఓ రూపంలో ఎదురవుతుంది. 2025-10-28లో 28 మీద ఉండి ఒకటి పెంచితే 29 రావాలి కదా, 27 వస్తుంది. ముందున్న అడ్డగీతను విమ్ మైనస్ గుర్తు అనుకుంటుంది. మైనస్ 28కి ఒకటి కలిపితే మైనస్ 27. సంఖ్యలను గుర్తులేనివిగా చూడమనే సెట్టింగు కొత్త విమ్‌లో వచ్చింది. కొన్ని పాత అమరికల్లో సున్నాతో మొదలయ్యే సంఖ్యను ఎనిమిది ఆధారంగా ఉండే లెక్కగా తీసుకుంటుంది, 007 తర్వాత 010 వస్తుంది. తేదీల్లో ముందు సున్నాలు ఎంత మామూలో తెలిసిందే. ఇలాంటి చిక్కులకు టిమ్ పోప్ అనే ప్రోగ్రామర్ ‘స్పీడ్‌డేటింగ్’ అనే ప్లగిన్ (ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు ముక్క) రాశారు. అదే మీట నొక్కితే అంకెను కాక తేదీనే పెంచుతుంది. ఈమాక్స్‌లో కార్‌స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఆర్గ్ మోడ్‌కు (నోట్సు, పనుల జాబితాలు రాసుకునే సౌకర్యం అది) ఈ తెలివి ప్రాణం లాంటిది. తేదీ మీద షిఫ్ట్‌తో బాణం మీట నొక్కితే రోజు జరుగుతుంది, పక్కనున్న వారం పేరు కూడా తనే మార్చుకుంటుంది.

వారం పేరు గురించి ఒక మాట. చాలామంది “30/10/2025 గురువారం” అని రాస్తారు. ఏడు రోజులు జరిపితే వారం మారదు, ఏ ఇబ్బందీ లేదు. మూడు రోజులు జరిపితే తేదీ 02/11/2025 అవుతుంది, పక్కన గురువారం అలాగే ఉండిపోతుంది. నిజానికి అది ఆదివారం. పనికిరాని పునరుక్తిలా కనిపించే ఆ వారం పేరు నా దృష్టిలో మంచి కాపలాదారు. తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే ఎక్కడో తప్పు జరిగిందని ఇట్టే తెలుస్తుంది.

స్క్రిప్టు జోలికి పోకుండా, ఒక్కో తేదీనీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మార్చేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. టెస్టులన్నీ ఒక రోజు వాయిదా అనుకుందాం. 27ను 28 చేశాం. తర్వాత 28ను 29 చేస్తే అసలు 28వి, ఇందాక 28 అయినవి కలిసి 29కి పోతాయి. ఆ తర్వాత 29ను 30 చేస్తే మూడు రోజుల టెస్టులూ ఒక్క రోజు మీద పడతాయి. చివరి తేదీ నుంచి వెనక్కి వస్తే ఇది జరగదు. ఫైలంతా ఒకే చుట్టులో చదివి ఒక్కో తేదీనీ ఒక్కసారే మార్చే స్క్రిప్టుకు ఈ బెడదే లేదు.

ఆ స్క్రిప్టు లోపల జరిగేది ఎక్సెల్ చేసే పనే. 28/10/2025ను చదివి ఒక రోజు సంఖ్యగా మారుస్తుంది, 7 కలుపుతుంది, వచ్చినదాన్ని తిరిగి తేదీగా రాస్తుంది. అక్టోబరుకు 31 రోజులన్న సంగతి స్క్రిప్టు వాడుకునే లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడుకు, తెలుసు కాబట్టి 04/11/2025 వస్తుంది. లీపు సంవత్సరాల సూత్రమూ దానికి తెలుసు: 2000 లీపు, 1900 కాదు, 2100 కాదు. ఎక్సెల్ మాత్రం 1900 ఫిబ్రవరి 29 అనే లేని రోజును ఇప్పటికీ లెక్కలో ఉంచింది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాంతో పొత్తు కుదరాలని అప్పట్లో అలా వదిలేశారు.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. “పరీక్ష ముందుకు జరిపారు” అంటే కొందరికి తొందరగా పెడుతున్నారని, కొందరికి వాయిదా పడిందని. “వెనక్కి” కూడా అంతే. స్క్రిప్టులో ప్లస్, మైనస్ రెండే ఉంటాయి, పొరబాటుకు తావులేదు. పొరబాటు దాన్ని రాయమని చెప్పే మాటల్లో ఉంటుంది. “వాయిదా” అంటే ఎవరికీ అనుమానం రాదు.

“ఒక నెల తర్వాత” అంటే ఎప్పుడు?

రోజులు కలపడానికి ఒకటే జవాబు. నెలలు కలపడానికి లేదు. జనవరి 31కి ఒక నెల తర్వాత ఏ రోజు? 2025లో ఎక్సెల్ నెలలు కలిపే సూత్రం ఫిబ్రవరి 28 అంటుంది: ఆ తారీఖు లేకపోతే నెలాఖరు. ప్రోగ్రాములు రాసే భాష జావాస్క్రిప్ట్ మార్చి 3 అంటుంది: ఫిబ్రవరి 31 అని రాసుకుని, మిగిలిన మూడు రోజులను మార్చిలోకి పొర్లిస్తుంది. అలాంటిదే మరో భాష పైథాన్‌తో వచ్చే సొంత లైబ్రరీలో రోజులు, వారాలు కలిపే వీలుంది, నెలలు కలిపే వీలే పెట్టలేదు. బయటి లైబ్రరీ ‘డేట్‌యుటిల్’ తెచ్చుకుంటే అది ఎక్సెల్‌లాగే నెలాఖరుకు ఆపుతుంది.

ఎవరిది ఒప్పు? ఇంటి అద్దె నెలాఖరుకు కట్టాలని ఒప్పందమైతే ఎక్సెల్ లెక్క అతుకుతుంది. ముప్పై రోజుల గడువైతే రెండూ తప్పే, రోజులే కలపాలి. ఇది గణితం తేల్చేది కాదు, మనుషుల మధ్య ఒప్పందం తేల్చేది. పైథాన్ వదిలేయడమే నిజాయితీ అని నాకనిపిస్తుంది. తోచిన జవాబు ఏదో ఒకటి ఇవ్వడమే వాడేవాళ్లకు మేలు అనేవాళ్ల వాదనా కొట్టిపారేయలేనిదే. చిన్న పనికి ప్రతిసారీ నియమం రాయమంటే ఎవరికైనా విసుగే.

నెలాఖరుకు ఆపే పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 28, దాని మీద మరో నెల కలిపితే మార్చి 28. కానీ జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. పన్నెండు వాయిదాల పట్టిక తయారు చేసే స్క్రిప్టు ముందు లైను నుంచి లెక్కిస్తుందా, మొదటి తేదీ నుంచి లెక్కిస్తుందా అన్నదాన్ని బట్టి పట్టిక మొత్తం మారిపోతుంది.

ఒక రోజు వెనక్కి జారిపోయే తేదీ

రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. జావాస్క్రిప్ట్‌తో 2014 అక్టోబరు 12 అని తేదీ తయారుచేసి ఐఎస్‌ఓ రూపంలో రాయించుకుంటే 2014-10-11 అని వస్తుంది, పక్కన 18:30. టైము చెప్పలేదు కాబట్టి అది అర్ధరాత్రి అనుకుంది. మన అర్ధరాత్రికి ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ముందురోజు సాయంత్రం ఆరున్నర, ఎందుకంటే మనం 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. తేదీ పక్కన 18:30 కనిపిస్తే అది మన దేశపు అర్ధరాత్రి జాడ అని గుర్తుపట్టవచ్చు. ఆ భాషలో నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కూడా, అక్టోబరు అంటే 9. రెండూ కలిస్తే తప్పు ఎక్కడిదో పట్టుకోవడం ఇంకా కష్టం.

వాతావరణ సమాచారం చూసేవాళ్లకు ఈ ఐదున్నర గంటలు కొత్త కావు. మన దేశంలో రోజువారీ వర్షపాతం ఉదయం 8:30కి కొలుస్తారు, అది యూటీసీలో సరిగ్గా 3:00. యూటీసీలో అక్టోబరు 11 రాత్రి 9 గంటలని రాసి ఉంటే మనకది 12వ తేదీ తెల్లవారుజామున రెండున్నర. టైములు మాత్రమే జరిపి తేదీని ముట్టుకోని స్క్రిప్టు ఇక్కడ రోజు తప్పుతుంది.

మనకు గడియారం ముందుకూ వెనక్కూ తిప్పే అలవాటు లేదు కాబట్టి ప్రతి రోజూ 24 గంటలే. అమెరికాలో చాలాచోట్ల 2025 మార్చి 9కి ఉన్నవి 23 గంటలు. రోజుకు 86,400 సెకన్లని కలుపుకుంటూ పోయే స్క్రిప్టు విశాఖలో ఏళ్ల తరబడి బాగానే నడిచి, అక్కడి షెడ్యూలు ఇచ్చిన రోజున గంట తేడాతో తప్పుతుంది. గడియారంతో పనిలేని చోట టైము ఊసే లేని, వట్టి తేదీ రకాన్ని వాడటం ఈ చిక్కులన్నిటినీ తప్పిస్తుంది. పైథాన్‌లో అది విడిగా ఉంది.

26/04/26 ఏ శతాబ్దం?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న ఏర్పడింది. రెండంకెల సంవత్సరంతో 26/04/26 అని రాస్తే అది స్థాపనా కావచ్చు, నూరేళ్ల తర్వాతి 2026 ఏప్రిల్ 26 కూడా కావచ్చు. స్క్రిప్టు ఏదో ఒకటి అనుకోక తప్పదు. పైథాన్ 00 నుంచి 68 దాకా 2000లలోకి, 69 నుంచి 99 దాకా 1900లలోకి వేస్తుంది. ఎక్సెల్ చాలాకాలం 29 దగ్గర గీత గీసుకుంది. 45లో పుట్టిన తాతగారి పుట్టినరోజు ఆ గీత ప్రకారం ఎక్సెల్‌లో 1945, పైథాన్‌లో 2045.

తెలుగులో రాసుకునేవాళ్లకు వేరే సంగతులూ ఉన్నాయి. అక్టోబర్, అక్టోబరు రెండూ రాస్తాం. “12న”, “12వ తేదీ” రెండూ అంటాం. వీటికి లైబ్రరీల్లో సిద్ధంగా ఏమీ దొరకకపోతే నెలల పేర్ల పట్టిక మనమే ఇవ్వాలి, ప్రతి పేరుకూ వాడుకలో ఉన్న రూపాలన్నిటితో. తెలుగు అంకెల విషయంలో భాషల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పైథాన్‌లో “ఏదైనా అంకె” అని అర్థమిచ్చే గుర్తు ౧౨ను కూడా పట్టుకుంటుంది, దాన్ని 12గా లెక్కలోకీ తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లోనూ విమ్‌లోనూ అదే గుర్తుకు ౧౨ కంటికి ఆనదు. నేను పైన రాసిన [0-9] ఎక్కడైనా 0 నుంచి 9 వరకే.

ఎడిటర్ లోపలా, బయటా?

లోపలే రాయాలనేవాళ్ల మాట ఇది: ఫైలు కళ్లముందే ఉంటుంది, తప్పితే అన్‌డూ ఉంది, కావాల్సిన నాలుగు లైన్లు ఎంచుకుని వాటినే మార్చవచ్చు. ఈమాక్స్ అభిమానులది ఎక్కువగా ఈ దారి. బయట రాయాలనేవాళ్లు చెప్పేది: ఎడిటర్ మారితే స్క్రిప్టు చచ్చిపోకూడదు. విమ్‌లో అక్షరాలను తేదీగా చదివే సొంత ఫంక్షను ఉంది, కానీ అది అన్ని సిస్టమ్‌ల మీదా దొరకదు. ఒకరి ల్యాప్‌టాప్‌లో నడిచింది ఇంకొకరి దాంట్లో నడవకపోవడానికి ఇదొక కారణం. పైథాన్‌లో రాసింది ఎక్కడైనా నడుస్తుంది, పరీక్షించడమూ తేలిక. మధ్యేమార్గం కూడా ఉంది. విమ్, ఈమాక్స్ రెండూ ఎంచుకున్న లైన్లను బయటి ప్రోగ్రాంకు పంపి, అది తిరిగిచ్చిన లైన్లను ఆ చోటే పెడతాయి. వీఎస్ కోడ్ రీప్లేస్ గడి సొంతంగా కూడికలు చేయదు కాబట్టి అందులో ఎక్స్‌టెన్షనో, బయటి స్క్రిప్టో కావాలి.

లైన్లు ఇరవైలోపు ఉండి, పని మళ్లీ రానిదైతే చేత్తో దిద్దడమే మేలనేవాళ్ల మాటలోనూ నిజముంది. ఇప్పుడు చాలామంది ఏఐని అడిగి స్క్రిప్టు రాయించుకుంటున్నారు. అది నిమిషంలో రాసిస్తుంది. అయితే తేదీ ముందా నెల ముందా, నెలాఖరుకు ఆపాలా పొర్లించాలా అన్నది మన వైపు నుంచి వెళ్లకపోతే, దానికి తోచినదే స్క్రిప్టులోకి ఎక్కుతుంది.

కూడికకు అందని తేదీలు

ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. మొదటి రెంటి మధ్య 384 రోజులు, తర్వాతి రెంటి మధ్య 355. 2023లో అధిక శ్రావణం రావడమే ఆ తేడాకు కారణం. సింహాచలం చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు. 2024లో అది మే 10, 2025లో ఏప్రిల్ 30. ఏ స్థిరసంఖ్య కలిపినా ఇవి రావు. తిథి సూర్యచంద్రుల నడకను బట్టి ఏర్పడుతుంది కాబట్టి స్క్రిప్టు అయినా పంచాంగం చూడాల్సిందే, అంటే ఏ ఏటి తేదీ ఏదో రాసిపెట్టిన పట్టిక దాని పక్కన ఉండాలి.

మాస్టారి ఫైల్లో ఆఖరుగా బయటపడిన తప్పు ఇలాంటిదే. గుర్తు కోసం ఆయన టెస్టుల మధ్యలో “05/11/2025 కార్తీక పౌర్ణమి, సెలవు” అని ఒక లైను రాసుకున్నారు. లైను మొదట్లో ఉన్న ప్రతి తేదీకీ ఏడు కలిపేలా సరిదిద్దిన స్క్రిప్టు దాన్నీ 12/11/2025కి జరిపింది. అంతటితో ఆగలేదు. అక్టోబరు 29 నాటి కెమిస్ట్రీ టెస్టును తెచ్చి సరిగ్గా 5వ తేదీన, పౌర్ణమి నాడు పెట్టింది. ఏ కూడికా తప్పలేదు. ఇప్పుడాయన కదలకూడని లైన్ల ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టుకుంటున్నారు. వాళ్లబ్బాయి స్క్రిప్టు ఆ లైన్లను వదిలేసి, జరిపిన టెస్టు ఏదైనా నక్షత్రం ఉన్న తేదీ మీద పడితే ఆ లైను నంబరు చూపించి ఆగుతుంది. కెమిస్ట్రీ టెస్టు 6వ తేదీకి వెళ్లింది, ఆ ఒక్క మార్పూ మాస్టారు చేత్తోనే చేశారు.